కుక్కను పెంచడానికి ఏడాదికి ఎంతవుతుంది? దేశీ, పామ్, షిట్జూ, లాబ్రడార్‌లలో ఏది ఎవరికి

కుక్కపిల్లను తెచ్చుకుందామని ఇంట్లో మాట రాగానే అందరూ అడిగేది ఒకటే, "ఎంతకిస్తారట?" అని. నాలుగు చోట్ల ఆరా తీసి, బేరమాడి, ఇరవై వేలకో పాతిక వేలకో ఖాయం చేసుకున్నాక ఇక ఖర్చంతా అయిపోయినట్టే అనుకుంటారు. కానీ కుక్క పన్నెండేళ్లు బతుకుతుంది, బాగా చూసుకుంటే ఇంకా ఎక్కువే. ఇరవై వేలు పెట్టి కొన్నా, ఆ డబ్బును పన్నెండేళ్లకు పంచితే ఏడాదికి రెండు వేలు కూడా పడదు. ఏటా మన చేతిలోంచి వెళ్లేది అంతకు ఇరవై నుంచి నలభై రెట్లు.

అందుకే ఏ జాతి అందంగా ఉంది, ఏది ఎంతకి దొరుకుతుంది అన్నవి కాసేపు పక్కన పెట్టి మూడు విషయాలు చూడండి. పెద్దయ్యాక దాని బరువెంత? దాని బొచ్చెంత? పగలంతా ఇంట్లో ఎవరుంటారు? ఏడాది ఖర్చులో ఎక్కువ భాగాన్ని ఈ మూడే తేలుస్తాయి.

బరువు: తిండి, మందులు రెండూ దీని మీదే

కుక్కకు రోజుకు ఎన్ని కేలరీలు కావాలో వెట్ డాక్టర్లు బరువును బట్టి లెక్కగడతారు. సంతానం కలగకుండా ఆపరేషన్ అయిన, మామూలుగా తిరిగే పెద్ద కుక్కకు ఆ లెక్క వేస్తే, 6 కిలోల షిట్జూకు రోజుకు సుమారు 430 కేలరీలు, 8 కిలోల పామ్‌కు (పామేరియన్) 530, 18 కిలోల దేశీ కుక్కకు 980, 30 కిలోల లాబ్రడార్‌కు 1,430 కావాలి. ప్యాకెట్ ఫుడ్‌లో 100 గ్రాములకు దాదాపు 350 కేలరీలు ఉంటాయనుకుంటే ఏడాదికి షిట్జూకు 45 కిలోలు, పామ్‌కు 55, దేశీకి 100, లాబ్రడార్‌కు 150 కిలోలు పడుతుంది.

మామూలు రకం పెద్ద బస్తాగా కొంటే కిలో 200 నుంచి 250 రూపాయల మధ్య వస్తుంది. ఖరీదైన రకాలు కిలో 600 నుంచి 800 దాకా ఉంటాయి. ఇక్కడే బరువు సంగతి తెలిసొస్తుంది. షిట్జూకు ఖరీదైన ఫుడ్ పెట్టినా ఏడాదికి ముప్పై వేల చిల్లరతో సరిపోతుంది. అదే రకం లాబ్రడార్‌కు పెడితే లక్ష దాటుతుంది.

పిడుదుల మందు కూడా అంతే. నోటికిచ్చే మాత్రలు బరువును బట్టే తయారవుతాయి. మూడు నెలలకోసారి వేసే రకంలో 4.5 నుంచి 10 కిలోలకు ఒక మాత్ర, 10 నుంచి 20కి ఇంకొకటి, 20 నుంచి 40కి మరొకటి. నట్టల మందు సైతం పది కిలోలకు ఒక మాత్ర చొప్పున లెక్క. ఆపరేషన్ చేయించాల్సి వస్తే మత్తుమందు కూడా బరువును బట్టే.

ఇంటి తిండి చవకేనా?

చాలామంది చవకే అనుకుంటారు. లెక్క వేసి చూద్దాం. 18 కిలోల దేశీ కుక్కకు రోజూ 250 గ్రాముల స్కిన్‌లెస్ చికెన్, 120 గ్రాముల బియ్యం, ఒక గుడ్డు, కాస్త గుమ్మడికాయో క్యారెటో, ఒక చెంచా నూనె అనుకుందాం. చికెన్ కిలో 250 ఉన్నప్పుడు రోజుకు 80 రూపాయలు, ఏడాదికి 29,000. గ్యాస్, మన శ్రమ ఇందులో కలపలేదు. మామూలు ప్యాకెట్ ఫుడ్‌తో అదే కుక్కకు 23,000 అవుతుంది. అంటే రోజూ చికెన్ వండి పెట్టడం కన్నా మామూలు ప్యాకెట్టే చవక. చికెన్ బదులు వారంలో కొన్ని రోజులు గుడ్లు, కందనకాయలు, అప్పుడప్పుడు కొద్దిగా కార్జం, ముళ్లు తీసిన చేప పెడితే ఇంటి తిండి కూడా ప్యాకెట్ ధరకు దిగుతుంది.

ఒట్టి పెరుగన్నంతో పెంచితే ఖర్చు ఇంకా తగ్గుతుంది, నిజమే. కానీ పెరిగే పిల్లకు అందులో మాంసకృత్తులు చాలవు, ఎముక బలానికి కావలసిన పాళ్లలో కాల్షియం దొరకదు. శాకాహారం వండుకునే ఇళ్లవాళ్లు ప్యాకెట్ ఫుడ్‌ను ఆధారం చేసుకుని, పెరుగన్నం, ఉడికించిన కూరగాయలు పైన కలపడం మేలు. మనం తినగా మిగిలిన కూర మాత్రం వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, మన వంటల్లో అవి లేనివి ఎన్నుంటాయి? ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా విషమే. ఉడికిన కోడి ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి. మిగిలింది పారేయడమెందుకని పెట్టిన కూర ఒక్కోసారి ఆసుపత్రిలో వేలల్లో తేలుతుంది.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే

కింది అంచనా హైదరాబాద్‌లోని ప్రైవేటు క్లినిక్కులు, దుకాణాల ధరలను మనసులో పెట్టుకుని వేసింది. కుక్క పెద్దది, ఆరోగ్యంగా ఉంది, మామూలు రకం ప్యాకెట్ ఫుడ్ తింటోంది, ఏడాదిలో పది రోజులు బోర్డింగ్‌లో ఉంటుంది అనుకుని వేశాను. జిల్లా కేంద్రాల్లో గ్రూమింగ్, క్లినిక్ ఫీజులు కొంత తగ్గుతాయి. తిండి ధర పెద్దగా తగ్గదు.

| ఏడాది ఖర్చు (రూ.) | దేశీ, 18 కిలోలు | పామ్, 8 కిలోలు | షిట్జూ, 6 కిలోలు | లాబ్రడార్, 30 కిలోలు |
|---|---|---|---|---|
| తిండి | 23,000 | 12,000 | 10,000 | 34,000 |
| పిడుదులు, నట్టల మందులు | 7,500 | 6,500 | 6,500 | 8,500 |
| టీకాలు, డాక్టరు | 5,000 | 5,000 | 7,000 | 7,000 |
| బొచ్చు సంరక్షణ | 1,500 | 5,000 | 15,000 | 3,000 |
| బోర్డింగ్, పది రోజులు | 7,000 | 6,000 | 6,000 | 8,000 |
| గొలుసు, పరుపు, బొమ్మలు | 3,000 | 3,000 | 3,000 | 4,000 |
| మొత్తం | 47,000 | 37,500 | 47,500 | 64,500 |

దేశీ వరుసను, షిట్జూ వరుసను మళ్లీ ఒకసారి చూడండి. ఒకటి రెండోదానికి మూడు రెట్ల బరువు. అయినా ఏడాది ఖర్చు దాదాపు సమానం. తిండిలో మిగిలిన డబ్బును షిట్జూ బొచ్చు తినేస్తుంది. చిన్న కుక్క అయితే ఖర్చు తక్కువ అనే మాట పామ్ విషయంలో నిజం, షిట్జూ విషయంలో కాదు.

ఇది ఏ పెద్ద జబ్బూ రాని ఏడాది లెక్క. మొదటి ఏడాది దీనికి మరో 12,000 నుంచి 18,000 కలుపుకోవాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకోసారి, నాలుగు నెలలు నిండేదాకా టీకాలు వేయించాలి. పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక వైరస్ జబ్బుల నుంచి పిల్లను కాపాడేవి అవే. మూడు నెలలు నిండాక రేబీస్ టీకా, ఆ తర్వాత ఏటా బూస్టర్. సంతానం కలగకుండా చేసే ఆపరేషన్ కూడా చాలావరకు మొదటి ఏడాదిలోనో, పెద్ద జాతులకైతే కాస్త తర్వాతో వస్తుంది. ఆడకుక్కకు ఈ ఆపరేషన్ ఖర్చు చూసి వెనకాడొద్దు. చేయించని ఆడకుక్కలకు నడివయసులో గర్భసంచిలో చీము పట్టే జబ్బు రావడం మామూలే. అది అర్ధరాత్రి అత్యవసరంగా వస్తుంది, అప్పుడయ్యే ఖర్చు ముందే చేయించుకునే ఆపరేషన్‌కు ఎన్నో రెట్లు.

పిడుదుల గురించి కాస్త వివరంగా

మన వాతావరణంలో పిడుదులు లేని కాలమంటూ దాదాపు లేదు. వానలు మొదలయ్యాక మరీ ఎక్కువ. అవి కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్ మన దగ్గర వెట్ క్లినిక్కులకు నిత్యం వచ్చే కేసు. జాతి ఏదైనా దీనికి మినహాయింపు లేదు.

సాయంత్రం నడక నుంచి రాగానే ఐదు నిమిషాలు కూర్చుని చూడాలి. చెవి మడత లోపల, కాలివేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, తొడల సందులో, తోక మొదట్లో. కొత్తగా పట్టిన పిడుదు నువ్వుగింజంత ఉంటుంది, రక్తం తాగాక బూడిదరంగు చిక్కుడుగింజలా ఉబ్బుతుంది. పొట్టి బొచ్చు దేశీ కుక్క మీద చేయి వేయగానే తగులుతుంది. షిట్జూ మీదైతే దువ్వెనతో పాయలు విడదీసి వెతకాల్సిందే. నలిపేయకుండా, చర్మానికి ఆనించి పట్టకారుతో నిలువుగా లాగాలి.

కుక్క రెండు పూటలు తిండి ముట్టకపోయినా, ఒళ్లు కాలుతున్నా, చిగుళ్లు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం వచ్చినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్లు పడిపోయి ఉండొచ్చు. తొందరగా పట్టుకుంటే నాలుగు వారాల డాక్సీసైక్లిన్ కోర్సుతో చాలావరకు తేరుకుంటుంది. ఆలస్యమైతే సెలైన్లు, రక్తం ఎక్కించడం దాకా వెళుతుంది. పట్టికలో ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వేలు పెట్టింది ఈ పరిస్థితి రాకుండా ఉండటానికే, దాన్ని తగ్గించి మిగుల్చుకోవాలని చూడొద్దు. ఒక జాగ్రత్త: ఇంట్లో పిల్లి కూడా ఉంటే పెర్మెథ్రిన్ ఉన్న చుక్కల మందు కుక్కకు వేయకండి. కుక్కకు ఏమీ కాదు, పిల్లి ప్రాణానికి ముప్పు.

ఒక్కొక్కటీ దగ్గర నుంచి

*దేశీ.* నా మొదటి సిఫార్సు ఇదే, దాచుకునేదేం లేదు. మన ఎండకు, వానకు తరతరాలుగా అలవాటుపడిన ఒళ్లు, పొట్టి బొచ్చు, పొడవాటి ముక్కు. ఒక జాతికే పరిమితమైన వంశపారంపర్య జబ్బులు తక్కువ. హైదరాబాద్‌లో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్ లాంటి సంస్థల దగ్గర దత్తతకు దొరుకుతాయి, జీహెచ్‌ఎంసీ కూడా దత్తత మేళాలు పెట్టింది. వీధిలోంచి నేరుగా తెచ్చిన పిల్లకైతే కడుపులో నట్టలు ఉంటాయనే అనుకోండి. మొదటి రోజే డాక్టరుకు చూపించి, ఇంట్లో వేరే కుక్క ఉంటే రెండు వారాలు విడిగా ఉంచండి. పార్వో ముందే అంటుకుని ఉంటే ఆలోగా బయటపడుతుంది. కష్టం ఎక్కడంటే, ఇది రోజూ బాగా తిరగాలి, కొత్తవాళ్లను అంత తేలిగ్గా నమ్మదు. మూడు నాలుగు నెలలు నిండేలోపే మనుషులకు, లిఫ్టుకు, హారన్లకు అలవాటు చేస్తే అపార్ట్‌మెంట్‌లో హాయిగా ఉంటుంది.

*పామ్.* మన ఇళ్లలో రెండు తరాలుగా చూస్తున్న తెల్ల స్పిట్జ్. పట్టికలో అన్నిటికన్నా తక్కువ ఖర్చు దీనిదే. వారంలో మూడు సార్లు ఇంట్లోనే దువ్వితే చాలు. ఎండాకాలం వచ్చిందని గుండు గీయించకండి. దానికి రెండు పొరల బొచ్చు, గీయిస్తే మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు, ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. వయసు మీదపడ్డాక పళ్లకు గార పట్టడం, మోకాలి చిప్ప జారడం చూస్తాం, కాబట్టి చిన్నప్పటి నుంచే పళ్లు తోమడం అలవాటు చేయండి. గంట మోగితే చాలు అరుస్తుంది. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో ఉండేవాళ్లు ఇది ఆలోచించుకోవాలి.

*షిట్జూ.* నెమ్మదైన కుక్క, ఒళ్లో కూర్చునే స్వభావం, తక్కువ నడక చాలు. బొచ్చు మన జుట్టులా ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. ఐదారు వారాలకోసారి గ్రూమింగ్ తప్పదు. రెండు నెలలు వదిలేస్తే చంకల్లో, చెవుల వెనక ముద్దలు కట్టి, చర్మాన్ని లాగి నొప్పి పెడుతుంది. విశాఖ, విజయవాడ ఉక్కపోతలో ఆ ముద్దల కింద చర్మం చెడటానికి ఎంతోకాలం పట్టదు. పొట్టిగా కత్తిరించి ఉంచుకుంటే ఖర్చూ, బాధా తగ్గుతాయి. నొక్కుకుపోయిన ముక్కు వల్ల ఎండలో ఊపిరాడక ఇబ్బంది పడుతుంది. కళ్లు, చెవులు రోజూ తుడవాలి.

*లాబ్రడార్.* పిల్లలున్న ఇంట్లో దీనంత ఓపికైన తోడు అరుదు. అయితే ఆకలి దీని బలహీనత. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు లాబ్రడార్లలో సుమారు నాలుగో వంతుకు ఆకలి తీరిన సంగతి తెలియనివ్వని జన్యుమార్పు ఉందని గుర్తించారు. అడిగినప్పుడల్లా పెడితే లావెక్కుతుంది, లావెక్కితే తుంటి కీళ్లు అరుగుతాయి. 48 లాబ్రడార్లను జీవితాంతం గమనించిన ఒక అధ్యయనంలో, పావు వంతు తక్కువ తిన్నవి మిగతావాటికన్నా దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. కొలిచి పెట్టడం వల్ల తిండి ఖర్చు మిగలడం ఒకటి, కుక్క ఆయుష్షు పెరగడం ఇంకొకటి. కొనేటప్పుడు తల్లిని చూపించమనండి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మడం కుక్కల పెంపకం, అమ్మకాలపై వచ్చిన 2017 నిబంధనల ప్రకారం నిషిద్ధం, పెంపకందారుకు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ రెండూ అడిగితే మాట దాటేసేవాళ్ల దగ్గర కొనొద్దు.

హస్కీ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట. మంచుదేశపు కుక్క. మన వేసవి నాలుగు నెలలు రోజుకు పది గంటలు ఏసీ వేస్తే కరెంటుకే పన్నెండు వేలకు అటూఇటూ అవుతుంది. డబ్బున్నా, 42 డిగ్రీల ఎండలో దాన్ని ఉంచడం న్యాయం కాదు.

పగలు ఇంట్లో ఎవరున్నారు?

పట్టికలో లేని అతిపెద్ద ఖర్చు ఇదే. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో భార్యాభర్తలిద్దరూ ఉదయం తొమ్మిదికి వెళ్లి రాత్రి ఎనిమిదికి వస్తారనుకుందాం. నడిపించడానికి మనిషిని పెడితే నెలకు మూడు వేలు, ఏడాదికి 36,000. పామ్ పెంపకం మొత్తం ఖర్చుకు ఇది దాదాపు సమానం. డేకేర్‌లో వదిలితే ఇంకా ఎక్కువ. మనిషిని పెట్టకుండా పదకొండు గంటలు ఒంటరిగా వదిలేస్తే సోఫా కొరుకుతుంది, పొరుగువాళ్లు ఫిర్యాదు చేస్తారు. అన్నిటికీ మించి ఆ కుక్క దిగులుతో చిక్కిపోతుంది. ఇలాంటి ఇంటికి చిన్నపిల్ల అస్సలు వద్దు. తెచ్చుకోవాలనే ఉంటే దత్తతకొచ్చిన మూడు నాలుగేళ్ల నిదానమైన దేశీ కుక్కను అడగండి.

అమ్మానాన్న ఇంట్లోనే ఉండే కుటుంబానికి ఈ ఖర్చు సున్నా. అయితే డెబ్బై ఏళ్ల పెద్దాయన చేతికి లాబ్రడార్ గొలుసు ఇవ్వకండి, పిల్లి కనిపిస్తే 30 కిలోల కుక్క లాగే లాగుడుకు పడిపోతారు. వాళ్లకు పామ్ సరైన జోడు. పెరడున్న ఇల్లు, నడిపించే ఓపికున్న మనిషి ఉంటే దేశీ. స్కూలు పిల్లలు, నెలకు ఐదారు వేలు నిశ్చింతగా పెట్టగల ఆదాయం ఉంటే లాబ్రడార్. నడక కుదరని చిన్న ఫ్లాటు, గ్రూమింగ్‌కు డబ్బూ తీరికా రెండూ ఉన్నవాళ్లకు షిట్జూ. అద్దె ఇళ్లవాళ్లు ముందు యజమాని ఒప్పుకోలును కాగితం మీద తీసుకోండి. ఇల్లు మారినప్పుడల్లా కుక్కను ఎవరికో ఇచ్చేయాల్సి రావడం దానికి తీరని కష్టం.

సంక్రాంతి సంగతి కూడా ముందే చూసుకోవాలి. ఊరెళ్లే వారంలో బోర్డింగులు నిండిపోతాయి, ధరలు పెరుగుతాయి. వెంట తీసుకెళ్లాలంటే రైల్లో ఫస్ట్ ఏసీ కూపే మొత్తం మీ పేరు మీద ఉండాలి, లేకపోతే లగేజీ బోగీలోని పెట్టెలో పంపాలి. ఎనిమిది కిలోల కుక్కయితే కారు వెనక సీట్లో బుట్టలో పడుకుంటుంది, బోర్డింగ్ అక్కర్లేదు.

తగ్గించుకోదగ్గ చోట్లు

ప్రభుత్వ పశువైద్యశాలలు ఆవులకే అనుకుని చాలామంది అటు వెళ్లరు. హైదరాబాద్‌లో నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి కుక్కలకూ వైద్యం చేస్తాయి. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ, కాకపోతే పొద్దున్నే వెళ్లి వరుసలో కూర్చోవాలి. జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం, సెప్టెంబర్ 28న రేబీస్ దినం సందర్భంగా రేబీస్ టీకా ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు. గ్రూమింగ్‌లో సగం పని ఇంట్లో నేర్చుకోవచ్చు: గోళ్లు కత్తిరించడం, చెవులు తుడవడం, స్నానం. టీకాలు, పిడుదుల మందు, ఆపరేషన్, ఈ మూడింట్లో మాత్రం కోత పెట్టకండి.

ఏ కుక్క అన్నది తేల్చుకున్నాక, తెచ్చే ముందు మూడు నెలలు ఆగండి. దాని ఏడాది ఖర్చును పన్నెండుతో భాగించి, నెలనెలా అంత డబ్బు విడిగా వేయండి. దేశీకైతే నాలుగు వేలు, లాబ్రడార్‌కైతే ఐదున్నర వేలు. ఇంటి ఖర్చులకు కటకట అయితే పట్టికలో ఇంకో వరుస చూసుకోండి. అవ్వకపోతే, మొదటి ఏడాది టీకాలకు, ఆపరేషన్‌కు కావలసిన పన్నెండు పదహారు వేలు అప్పటికే మీ దగ్గర ఉంటాయి.